తుడిచినా పోని మావయ్యగారు

"కాస్త గట్టిగా తుడువు, అదే పోతుంది" అన్నారు మా ఆయన సోఫాలోంచి లేవకుండా.

తుడుస్తూనే ఉన్నాను. పొడిగుడ్డతో ఒకసారి, తడిగుడ్డతో ఒకసారి, కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డతో ఇంకోసారి. టీవీలో క్రికెట్ వస్తోంది. ఆ పచ్చటి మైదానం నడిబొడ్డున మా మావయ్యగారు, పట్టాభిరామయ్యగారు, నుదుట మూడు విభూతి రేఖలతో, భుజాన కండువాతో, అటూ ఇటూ రెండు దీపపు కుందులతో మసకగా నిలబడి ఉన్నారు. ఛానెల్ మారిస్తే వార్తలు చదివే అమ్మాయి మొహం మీద ఉన్నారు. ఇంకోటి మారిస్తే వంకాయ వేయించే మూకుడులో ఉన్నారు. ఆయన పోయి ఏడాదైంది. సాంవత్సరికం నిన్ననే జరిగింది. బంధువులు వెళ్ళారు, విస్తళ్ళు వెళ్ళాయి, ఆయన మాత్రం వెళ్ళలేదు.

ఇదంతా నా శ్రమ తగ్గించడానికి జరిగింది. మావయ్యగారు పోయిన పదమూడో రోజున మా ఆయన మేనత్త, ఏడాదిపాటు ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటే మంచిదన్నారు. "నూనె పొయ్యాలి, వత్తి మార్చాలి, ఆఫీసుకు వెళ్ళే దానివి, నీవల్ల ఏమవుతుంది శ్రీలక్ష్మీ" అని మా ఆయన అనంతపద్మనాభంగారు ఒక ఉపాయం కనిపెట్టారు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతారాయన. మావయ్యగారి ఫొటోకి దండ వేసి, పక్కన రెండు దీపాలు చేర్చి, హాల్లో ఉన్న పెద్ద టీవీకి స్క్రీన్‌సేవర్‌గా పెట్టేశారు. చూసినవాళ్ళంతా కొడుకంటే అలా ఉండాలన్నారు.

ఆ దీపానికి నూనె అక్కర్లేదు నిజమే. నేను కావాలి, అత్తయ్యగారు ఆ హాల్లోకే రారు కాబట్టి. అయిదు గంటలు ఎవరూ రిమోట్ ముట్టుకోకపోతే టీవీ తనంతట తనే ఆగిపోతుంది. ఉదయం ఎనిమిదిన్నరకి ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఒకసారి నొక్కాలి. మధ్యాహ్నం లంచ్ టైములో స్కూటీ మీద ఇంటికొచ్చి మళ్ళీ నొక్కి, నాలుగు ముద్దలు నిలబడి మింగి పరుగెత్తాలి. సాయంత్రం ఇంకోసారి. కరెంటు పోయి వస్తే ఎప్పుడైనా సరే. రాత్రి తొమ్మిదికి మాత్రం ఆపొచ్చట, నాన్నగారికి పెందలాడే పడుకునే అలవాటట. పైగా మడి ఒకటి. "స్నానం చేశాకే రిమోట్ ముట్టుకో, అది ఇప్పుడు ఉత్త రిమోట్ కాదు" అన్నారు. దాన్ని బట్టలో చుట్టి దేవుడి గూట్లో పెట్టుకుంటూ ఏడాది గడిపాను. చెబితే నవ్వుతారు, నేనూ నవ్వేదాన్నే, ఇంకెవరింట్లోనైనా అయితే.

నెలలో ఆ మూడు రోజులూ నేను రిమోట్ ముట్టుకోకూడదు కాబట్టి ఆయనే నొక్కాలి. పొద్దున ఒక్కసారి నొక్కి ఊరుకునేవారు. పది గంటలకే కాలేజీకి వెళ్ళిపోయేవారు, మధ్యాహ్నానికి దీపం కొండెక్కేది, సాయంత్రం దాకా హాలు చీకటిగానే ఉండేది. ఏ అరిష్టమూ రాలేదు, ఎవరూ ఎవర్నీ ఒక్క మాటా అనలేదు. నాలుగో రోజు నుంచి మాత్రం, నేను పావుగంట ఆలస్యమైతే, "నాన్నగారిని చీకట్లో కూర్చోబెట్టావు" అనేవారు. ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయేది. మండినా కాఫీ కలిపి ఇచ్చేదాన్ని, ఇరవై రెండేళ్ళ అలవాటు.

చెప్పలేదా అంటే చెప్పాను. మా ఆఫీసులో టోకెన్ నంబర్లు చూపించే తెర మీద ఒకే బొమ్మ నెలల తరబడి ఉండి అచ్చు పడిపోయింది, మన టీవీ కూడా అలాగే అవుతుందేమో ఏవండీ, కాస్త బొమ్మ మారుస్తూ ఉందాం అన్నాను. ఎలక్ట్రానిక్స్ పాఠం నా దగ్గర నేర్చుకోవాల్సిన ఖర్మ పట్టలేదన్నట్టు చూసి, "నీకు మొదట్నుంచీ మా నాన్నగారంటే గిట్టదు" అన్నారు. గిట్టకపోవడానికి ఏముంది? ఉప్మాలో అల్లం ముక్క పంటికింద పడితే, దాన్ని పళ్ళెం అంచున పెట్టి, నేను వచ్చి చూసేదాకా చెయ్యి కడుక్కోని మనిషి. అంతకన్నా పెద్ద తప్పులేవీ చెయ్యలేదు. అవే రోజూ చేశారు.

టీవీ బాగుచేసే ఏడుకొండలు వచ్చి, తెల్ల తెర, ఎర్ర తెర, నీలం తెర వేసి చూశాడు. అన్నిట్లోనూ మావయ్యగారు ఉన్నారు.

"ఇది మచ్చ కాదండీ, తుడిస్తే పోద్దనుకోడానికి. లోపల చుక్కలే అరిగిపోయాయండీ. ఒకే బొమ్మ రోజంతా ఉంచేస్తే, తెల్లగా బాగా వెలిగిన చోటు ముందు అరుగుద్దండీ. అందుకే పెద్దాయన కండువా, విబూదీ అంత బాగా కనపడుతున్నాయి. తెర మొత్తం మార్చడమేనండీ" అని, ఆగి, "ఎవరండీ బాబూ, ఏడాది ఆపకుండా పెట్టింది?" అన్నాడు.

"మా ఆవిడే చూసుకునేదయ్యా" అన్నారు మా ఆయన.

ఏడాదిలో ఆ పని నాదని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు.

ఏడుకొండలు వెళ్ళాక ఆయన చాలాసేపు టీవీ వైపు చూశారు. చూసి చూసి, కళ్ళు తుడుచుకున్నారు. "ఇందులో ఏదో సంకల్పం ఉంది శ్రీలక్ష్మీ. నాన్నగారు వెళ్ళనంటున్నారు. ఆ ఫొటో మళ్ళీ పెట్టేద్దాం, దీపం ఇలాగే సాగనిద్దాం. అమ్మకీ తోడుగా ఉంటుంది" అన్నారు.

సోమవారం నేను ఆఫీసులో ఒక కాగితం ఇవ్వాలి. సీనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్, ఏలూరులో. పొద్దున్నే రైలెక్కితే గంట ప్రయాణం, మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరదు. పోయినేడూ వచ్చింది. దీపం ఉంది కదా, ఇప్పుడెలా వెళతావు అన్నారు మా ఆయన. కుటుంబ కారణాల వల్ల వదులుకుంటున్నానని నా చేత్తో రాసిచ్చాను. ఈసారీ వద్దంటే మళ్ళీ పిలవరమ్మా అని మా సూపరింటెండెంటు ముందే చెప్పారు. ఆ ఏడాది ఒక్కటీ అయిపోతే చాలని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడేమో మావయ్యగారు వెళ్ళనంటున్నారట.

వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్యగారు గోడకు చేరబడి, పీట మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. హాల్లో మాటలన్నీ వినబడే ఉంటాయి. పక్కన కూలబడి ఒక కట్ట నా ఒళ్ళోకి లాక్కున్నాను. కాసేపు ఇద్దరం ఆకులు తుంచాం.

"ఎవరికే తోడు?" అన్నారు హఠాత్తుగా, గొంతు తగ్గించి.

నేను తలెత్తాను.

"నలభై ఆరేళ్ళమ్మాయ్. ఆయన హాల్లో ఉంటే నేను కుర్చీలో కూర్చుని ఎరగను. ఆయన ఎదురుగా కూర్చోవడం ఏవిటని మా అత్తగారు మొదటివారంలోనే అన్నారు, అంతే. ఆయన పోయాక, పాపం వస్తే వచ్చిందిలే, కాళ్ళు చాపుకుని ఒక్క సీరియల్ చూద్దాం అనుకున్నా. వీడేమో పన్నెండు రోజులు కాగానే ఆయన్ని ఇంత మొహం చేసి తెచ్చి కూర్చోబెట్టాడు." గోంగూర కాడ విరిచి పక్కన పడేశారు. "ఏడాదిగా ఈ పీట మీదే ఉన్నానే."

ఏడాదంతా ఆవిడ హాల్లోకి రానిది దుఃఖం వల్ల అనుకున్నాను. మా ఆయన అలాగే అందరికీ చెప్పారు, అమ్మ నాన్నగారి మొహం చూసి తట్టుకోలేకపోతోందని. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం, ఒక్కరోజైనా నేను అడగలేదు. ఆ సిగ్గు ముందు తన్నుకొచ్చింది, కోపం దాని వెనకే వచ్చింది.

"నాకు ఏలూరులో ప్రమోషన్ ఇస్తున్నారు అత్తయ్యా" అన్నాను.

"పోయినేడు ఇచ్చిందేనా? ఇంకా ఉందా అది?" అన్నారు. "మరి కూర్చున్నావేం?"

లేచి హాల్లోకి వచ్చాను. ఆయన ఫోనులో ఆ ఫొటో వెతుకుతున్నారు. పనైపోయేదాకా ఆగితే నా ధైర్యం కూడా అయిపోతుందని, నిలబడే చెప్పాను. "నేను ఏలూరులో చేరతానని సోమవారం రాసిచ్చేస్తున్నానండీ."

ఆయన తలెత్తి, నేను ఏదో వేరే భాషలో మాట్లాడినట్టు చూశారు. "మరి నాన్నగారు? నాన్నగారిని ఎవరు చూసుకుంటారు?"

"మావయ్యగారు పోయారండీ" అన్నాను. "అత్తయ్యా నేనూ బతికే ఉన్నాం."