వసుమతి పారబోసినది

హైదరాబాదులో ముల్కీ గొడవలు చల్లారిన ఏడాది అది. గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసు హెడ్‌గుమాస్తా వామన్‌రావుకు తొడ రక్తనాళంలో గడ్డ అడ్డుపడి కాలు చల్లబడిపోయింది. నాంపల్లి దవాఖానలో డాక్టర్ సుందర్‌రాజ్ ఆపరేషన్ చేసి గడ్డ తీసేశాడు. చూడవచ్చిన చుట్టాలంతా ఆ పాదం ముట్టి, వెచ్చబడింది, ఇక ఫికర్ లేదన్నారు.

మర్నాడు సీసాలో మూత్రం ముదురు చాయ్ రంగులో కనబడింది. భార్య వసుమతి చప్పున అటూ ఇటూ చూసింది. ఎర్రమూత్రమైతే గుప్తరోగమేనని, షర్తియా ఇలాజ్, గ్యారంటీ వైద్యం ఉందని నాంపల్లి స్టేషన్ దగ్గర గోడల నిండా రాతలు. ఆ గోడల పక్కన తలవంచుకుని నడుస్తూనే అక్షరం వదలకుండా చదివిన మనిషి ఆమె. ఆబిడ్స్‌లో దోస్తులతో పొద్దుపోయిందంటూ ఆయన ఆలస్యంగా వచ్చిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. నర్సు చూస్తే వార్డుకు తెలుస్తుంది, వార్డుకు తెలిస్తే చుట్టాలకు తెలుస్తుంది. సీసాను కొంగుచాటున పట్టుకెళ్లి పారబోసి, కడిగి తెచ్చింది.

ఆ రోజంతా ఆయాను సీసా ముట్టనివ్వలేదు. నర్సు అడిగినప్పుడల్లా "మంచిగనే వస్తున్నది" అంది.

"మొగునికి గిట్ల చేసేటోళ్లు ఏడ ఉన్నరమ్మా" అని పక్కమంచం ముసలమ్మ మెచ్చుకుంది. వసుమతి ముఖం తిప్పుకుంది.

తెల్లారేసరికి మూత్రమే ఆగిపోయింది. ఆయన ముఖం ఉబ్బింది. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే, ఇక దాచలేక రంగు సంగతి చెప్పింది.

"రక్తం అందక కాలి కండ కొంత చచ్చిపోయిందమ్మా" అన్నాడు డాక్టరు. "అది కరిగి రక్తంలో కలిసింది. ఆ రంగు దానిదే. మూత్రపిండాలను దెబ్బతీసింది కూడా అదే. నిన్ననే చెప్పి ఉంటే సెలైన్ బాగా ఎక్కించి చూసేవాళ్లం."

ఇంకే రోగమూ కాదా అని అడగబోయి నోరు మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

మూత్రపిండాలకు బదులు రక్తం శుభ్రం చేయడానికి పొట్టలోకి గొట్టం వేసి మందునీళ్లు ఎక్కించి, దించడం మొదలుపెట్టారు. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. సాయంత్రం వామన్‌రావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు సీసా దాస్తుంటే చూసిన, వసూ. గా రంగు చూసి నాకు గూడ శరమైంది, ఎవరేమనుకుంటరోనని. గాని నువ్వు నన్ను అనుమానించలే. నా ఇజ్జత్ కాపాడినవ్. కాదా?"

"ఔ" అంది వసుమతి.

ఆయన నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు. తెరవగానే నిజం చెప్పేయాలనుకుంది వసుమతి. తెరవకపోతే చెప్పనక్కరలేదు కదా అని కూడా తోచింది.