బావ తెచ్చిన కన్వర్టర్

పాత టీవీ మూలన పడి, గోడకు కొత్తది ఎక్కినప్పటి నుంచీ టైలరమ్మకు ఆటలో గెలుపన్నదే లేదు. ఆమె అక్కాబావల ఇంటి పైగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. పని ముగిశాక కిందికి దిగి చిన్ననాటి వీడియోగేమ్ ముందు కూర్చోవడం ఆమెకు అలవాటు. ఇప్పుడు బటన్ నొక్కితే, తెర మీది బొమ్మ తీరిగ్గా ఆలోచించుకుని, గుంతలో పడ్డాక ఎగరబోతోంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆమెను ఓడించలేని బావ మాత్రం చకచకా దూకిపోతున్నాడు.

గేమ్‌కున్న మూడు రంగుల వైర్లు కొత్త టీవీకి పట్టకపోతే, మధ్యలో పెట్టే చిన్న కన్వర్టర్ తెచ్చిందీ బావే. ఎలక్ట్రీషియన్ కదా! అనుమానం అక్కడే తగులుకుంది.

"బావా, నా జాయ్‌స్టిక్‌కి ఏం చేశావ్?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస."

జాయ్‌స్టిక్‌లు మార్చుకున్నారు. మళ్లీ బావే గెలిచాడు. కూరగాయలు తరుగుతున్న అక్క తలెత్తలేదు. మొగుడూ పెళ్లాం తోడుదొంగలేమో!

జాయ్‌స్టిక్‌ది తప్పు కాకపోతే ఇక మిగిలింది ఆ కన్వర్టరే అనుకుని, మర్నాడు టైలరమ్మ గేమ్‌ని గుడ్డసంచిలో పెట్టుకుని ఎలక్ట్రానిక్స్ షాపుకు వెళ్లింది. షాపాయన తళతళలాడే కన్వర్టర్ డబ్బా ఒకటి చూపించాడు.

"బొమ్మ అద్దంలా ఉంటుందమ్మా."

"అందం సంగతి తర్వాత. తగిలించి ఆడనివ్వండి."

ఆడింది. గుంతలో పడింది.

"అందంగానే పడ్డాను. ఇంకోటి చూపించండి."

షాపాయన నవ్వాడు. "ఇది బొమ్మను మొత్తం పట్టుకుని, పెద్దది చేసి, అప్పుడు వదులుతుంది. అందుకే ఆలస్యం. ఇదిగో, ఇదైతే బొమ్మ మొత్తం కోసం ఆగకుండా, వచ్చిన గీతను వచ్చినట్టే రెట్టించి అప్పటికప్పుడే పంపేస్తుంది. అంచులు కాస్త గరుకుగా ఉంటాయంతే. ఇంకా ఖరీదైనవి ఉన్నాయి గానీ మీకు దండగ. ముందు మీ టీవీ సెట్టింగుల్లో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు."

అమ్మేవాడు ఖర్చు లేని మాట చెబితే మెలిక ఉండే ఉంటుందనుకుంది. ఆ గరుకు రకంతో ఆడి చూస్తే, నొక్కీ నొక్కగానే బొమ్మ గాల్లోకి లేచింది.

"నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?" అని రెండుసార్లు అడిగి మరీ కొంది.

ఇంటికొచ్చి ముందు గేమ్ మోడ్ పెట్టింది. కాస్త నయమే గానీ ఆలస్యం పూర్తిగా పోలేదు. అప్పుడు కొత్త డబ్బా తగిలించి, ఏమీ ఎరగనట్టు బావను పిలిచింది.

ఆమె దాటేసింది. బావ బొమ్మ గుంత రాకముందే ఎగిరి, సరిగ్గా గుంతలో దిగింది. మళ్లీ ఆడితే మళ్లీ అంతే.

"అంత ముందే ఎందుకు నొక్కుతున్నావు బావా?"

"అలవాటై..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఓహో! ఆలస్యమని తెలిసే తెచ్చావన్నమాట."

"తెచ్చినప్పుడు తెలీదు, ఒట్టు! చవగ్గా వస్తోందని తెచ్చా. నువ్వు పైన కుట్టుకుంటుంటే ఒక్కణ్నే ఆడి కనిపెట్టా. చెబుదామనే అనుకున్నా గానీ, జన్మకో గెలుపన్నా దక్కనీ అని..."

అక్క పగలబడి నవ్వింది. "నాకెప్పుడో తెలుసే. చెప్పొద్దని ఒకటే బతిమాలాడు."

ఆ ఒట్టును టైలరమ్మ సగమే నమ్మింది. అయినా బావను పక్కన కూర్చోబెట్టుకుని, గుంత అంచుదాకా ఆగమంది. ఆగాడు, దాటాడు, తర్వాతి గుంతలో పడ్డాడు.