పెట్రోలు మూత రంగు

పొద్దున ఏడింటికల్లా స్పైరో షెడ్డు షట్టరు పైకి లేస్తుంది. ముందు కెటిల్ పెడతాడు, తర్వాతే కంప్రెసర్. ఆస్ట్రేలియాలోని మా పోర్ట్ అగస్టా ఊళ్ళో ఎవరి బండికి సొట్ట పడ్డా వెళ్ళేది అక్కడికే. కంపెనీ బానెట్ కొనే తాహతు మాలో ఎందరికుంది? చవకలో బయటి పార్టు తెప్పించుకుంటాం. అది బొగ్గులా నల్లగా అట్టపెట్టెలో దిగుతుంది. దానికి బండి రంగు వెయ్యడమే స్పైరో పని. కోడ్ చూసి డబ్బాలోంచి తీసి పూసే రకం కాదతను. ఎండకి మాడి, ఎర్రదుమ్ముకి అరిగి, బండి ఇవాళ ఏ రంగులో ఉందో ఆ రంగే రావాలి. అందుకని పెట్రోలు పోసేచోట బండి రంగులోనే ఉండే రేకు మూత ఊడదీసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని కలుపుతాడు.

అలా కలిపిన రంగుతో పాటు బండికి తెలిసినవన్నీ కొత్త రేకులోకి దిగిపోతాయి. నర్సు బెవ్ తన కారు డిక్కీకి రంగు వేయించుకుంటే, ఎప్పుడో పోయిన కుక్క వాసన మళ్ళీ వచ్చింది. "ఉన్నప్పుడు దానికి ఏనాడన్నా స్నానం చేయించావా? ఇప్పుడు అనుభవించు" అని అందరూ ఆటపట్టించారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

నెరిడా అక్కడికి వచ్చింది మాత్రం వాసన కోసం కాదు, మొగుడి కోసం.

ఆమె మొగుడు క్లైవ్ బతుకంతా రైల్వేలో పనిచేశాడు. ఇప్పుడు మతి జారిపోతోంది. పిల్లల పేర్లు పోయాయి, చెంచా ఎలా పట్టుకోవాలో కూడా పోయింది. కానీ సాయంత్రం వాకిట్లో ఉన్న, వెనక తొట్టి ఉండే ఎర్ర యూట్ బండి బానెట్ మీద చెయ్యి ఆనిస్తే చాలు, కాసేపు మనిషి మనిషిలా ఉండేవాడు. "ఏమే నెరిడా, అలా చిక్కిపోయావేంటే?" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె పగలంతా ఓర్చుకునేది.

క్వోర్న్ రోడ్డు మీద కంగారూ అడ్డం వచ్చింది. బానెట్టూ, ముందు రెండు మడ్‌గార్డులూ నుజ్జయ్యాయి. నెరిడా వాటిని తుక్కులో పారేసి, బయటి పార్టులు తెప్పించి బిగించింది. ఆ సాయంత్రం క్లైవ్ నల్ల బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఎవరిదీ బండి?" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "మీరెవరండీ?" అని అడిగాడు.

మర్నాడు బండి షెడ్డులో ఉంది.

"నన్ను మర్చిపోయాడు స్పైరో. అచ్చం పాత రంగే రావాలి. ఇసుమంత కూడా తేడా రాకూడదు."

"ఏడవకు తల్లీ. ఈ బండి షోరూం నుంచి వచ్చిన రోజు నుంచీ చూస్తున్నా. నీ పని కాకపోతే ఇంకెవరి పని చేస్తాను?"

చేశాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, బండి తీసుకోడానికి వచ్చిన రోజు నెరిడా ముక్కు ఆనించి చూసినా ఏ రేకు కొత్తదో, ఏది పాతదో పోల్చుకోలేకపోయింది. పక్కనే ఉన్న క్లైవ్ చెయ్యి పట్టుకుని బానెట్ మీద పెట్టింది.

క్లైవ్ నడుం నిటారైంది. మొహం వెలిగింది.

"డాటీ! గొర్రెలకి నీళ్ళు పెట్టావా? ఇవాళ గాలి చూశావా, మంటలా ఉంది."

నెరిడా నవ్వబోయి ఆగిపోయింది. క్లైవ్ జన్మలో గొర్రెని తాకలేదు. డాటీ అనే ఆడమనిషి వాళ్ళ వంశంలోనే లేదు.

స్పైరో చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "నెరిడా, ఆ పెట్రోలు మూత... ఈ బండిదేనా?"

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. "అసలుది ఎప్పుడో ఊడిపోయింది. క్లైవే తుక్కు యార్డులో ఎవరి బండిదో ఇంకోటి తెచ్చి బిగించాడు. అదే మోడలు, అదే ఎరుపు. రంగు వెయ్యకుండానే ఎంత బాగా కలిసిపోయిందో అని మురిసిపోయాం."

వచ్చిన ప్రతివాడినీ స్పైరో ముందు అడిగే మాట అదే: మూత ఈ బండిదేనా? నెరిడాని అడగలేదు. తెలిసిన బండి కదా అనుకున్నాడు. తెలియనివాళ్ళ బండి అయ్యుంటే అడిగేవాడే.

"గీకేసి మళ్ళీ వెయ్యి. తలుపు చూసి కలుపు."

"కొత్త రంగుని తలుపుల మీదికి కూడా లాగాను తల్లీ. లాగకపోతే అతుకు కనపడుతుంది కదా. తలుపుల నుంచి పైకప్పు దాకా పోయాను."

"వెనక తొట్టి?"

"అల్యూమినియం. దానికి రంగెక్కడిది?" స్పైరో టైరు మీద చతికిలబడ్డాడు. "మీ బండి రంగు ఇంక ఎక్కడా లేదు నెరిడా. ఇది గీకితే కింది పాత రంగూ పోయి మిగిలేది ఉత్త రేకే. ఈ డాటీ కూడా ఉండదు."

ఎవర్ని తిట్టాలి చెప్పండి? పని చెడగొట్టి ఉంటే నాలుగు దులిపేది. స్పైరో మరీ బాగా చేశాడు, అదే వచ్చిన చిక్కు.

క్లైవ్ మాత్రం ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఏడాదిగా అన్ని మాటలు అతని నోట రాలేదు. వేళ్ళతో జుట్టు దువ్వుకున్నాడు. నెరిడా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురి ముందు అలా పట్టుకున్నవాడు కాదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఏం చెయ్యమంటావు నెరిడా?" అని అడిగాడు స్పైరో.

క్లైవ్ షెడ్డంతా చూసి, ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించి అన్నాడు. "ఎవరినో నెరిడా అని పిలుస్తున్నాడు పాపం. మనకెందుకు గానీ, పద ఇంటికి."

ఆమె అతన్ని జాగ్రత్తగా బండిలోకి ఎక్కించింది. బెల్టు పెట్టింది. తిరిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని, స్పైరో వైపు చూడకుండా బండి తీసింది.

ఇప్పుడు క్లైవ్ ఎదురుగా మేమందరం ఆమెని డాటీ అనే పిలుస్తున్నాం. పిలిస్తే పలుకుతుంది.