వర్నెల్లా పోస్టరు

మంగళవారం ఉదయం 6:52కి వర్నెల్లా హాస్కిన్స్ ఫోనుకి మెసేజ్ వచ్చింది. కంపెనీ ఆమె చదువుకి డబ్బు కట్టడం ఆపేసింది, శుక్రవారం ఉదయం పదింటికి ఉన్న ఆమె పరీక్ష రద్దయింది. మాంసం కోసి అమ్మే డెలీ కౌంటర్లో నేను ఆమె పక్కనే టర్కీ మాంసం కోస్తున్నాను.

మాది అమెరికాలోని మిస్సోరిలో ఆ కంపెనీ 1147వ నంబరు స్టోరు. వర్నెల్లాకి నలభై ఒకటి. మూడేళ్లు చదివి ఫార్మసీ కోర్సు చివరికొచ్చింది. మిగిలింది ఆ ఒక్క పరీక్షే. ఇప్పుడు తప్పితే మళ్లీ మొదటి నుంచి.

కారణం మెసేజ్‌లోనే ఉంది. పన్నెండు వారాల్లో పని సగటున వారానికి ముప్పై గంటలుండాలి. ఆమెది ఇరవై తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు.

ఆ గంటలు తీసింది మేమే. మేనేజర్ కర్ట్ బ్లెవిన్స్ నాలుగుసార్లు సరిగ్గా క్లాసు వేళకే ఆమెకి షిఫ్టు వేశాడు. ఆమె క్లాసుల పట్టిక జనవరి నుంచీ అతని దగ్గరుంది. ఆమె క్లాసుకి వెళ్లాలని ఆ నాలుగు షిఫ్టులూ కంపెనీ యాప్‌లో ఆమె బదులు మేం తీసుకున్నాం. రెండు నేను, ఒకటి సరుకు దించే రూబెన్, ఒకటి క్యాష్ కౌంటర్ మిస్ ఓపల్. సాయం చేశామనుకున్నాం.

నలుగురం కర్ట్ గదికి వెళ్లాం.

"సిస్టం లెక్క అది. నా చేతిలో ఏం లేదు" అన్నాడు.

"నాలుగుసార్లూ ఓకే నొక్కింది ఎవరి వేలు బాబూ?" అంది మిస్ ఓపల్.

"మీరు అడిగారు, నేను ఒప్పుకున్నాను. గంటలు తిన్నది మీరు."

వర్నెల్లా ఒక్కటే అడిగింది. "అయితే బ్రేక్ రూములో నా బొమ్మ తీసేయండి."

"అది కంపెనీ ఆస్తి."

పట్టా టోపీ, నీలం గౌనుతో ఆమె నవ్వుతున్న పోస్టరది. కింద 'కంపెనీ నన్ను చదివించింది' అని ఉంటుంది. మార్చిలో హెడ్డాఫీసువాళ్లు ఆ గౌను సంచిలో తెచ్చారు, ఫొటో తీసి పట్టుకుపోయారు. మడతలు ఫొటోలో కనిపిస్తాయి.

సాయంత్రం పార్కింగులో పాతికమందిమి చేరాం.

"ఆమెని పరీక్షకి కూర్చోబెట్టేదాకా యాప్‌లో పెట్టే ఖాళీ షిఫ్టు ఎవరూ తీసుకోవద్దు" అన్నాడు రూబెన్.

"నాకింకా రెండు సెమిస్టర్లున్నాయి. నన్ను లాగొద్దు" అన్నాడు కూరగాయల సెక్షన్ డస్టీ.

"ఉండరా. తర్వాతి గౌను నీకే తెస్తారు."

"నీదేం పోయింది రూబెన్? నువ్వు బడి మానేసినోడివి."

"మానేసినోణ్ణి కాబట్టే చెప్తున్నా."

డస్టీ కారెక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఉదయం ఏడింటికి రోజువారీ మీటింగు. కర్ట్ కంపెనీ పేరులో ఒక్కో అక్షరం అరుస్తాడు, మేం చప్పట్లు కొట్టాలి. మొదటి అక్షరం అరిచాడు. ఎవరూ కొట్టలేదు. రెండోది అరిచాడు. మిస్ ఓపల్ నేల మీద కూర్చుంది. ఆమెకి అరవై ఏడు, మోకాళ్లు వంగవు, ఇద్దరం పట్టుకున్నాం. తర్వాత అందరం కూర్చున్నాం.

"లేవనివాళ్లకి ఈ రోజుతో ఉద్యోగం లేదు" అన్నాడు కర్ట్.

డస్టీతో సహా ముగ్గురు లేచారు. ఇరవై ఇద్దరు మిగిలారు.

వర్నెల్లా బ్రేక్ రూములోకి వెళ్లి పోస్టరు ఊడదీసింది. చుట్టచుట్టి చంకలో పెట్టుకుని మా మధ్య కూర్చుంది.

8:40కి పోలీసులొచ్చారు. కర్ట్ వర్నెల్లా వైపు వేలు చూపించాడు. దొంగతనం కేసు.

"ఇందులో ఉన్నది ఎవరో చూడండి ఆఫీసర్" అంది వర్నెల్లా.

పోలీసు పోస్టరు విప్పి చూశాడు, మళ్లీ చుట్టాడు. ఆమె చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు. అడ్డం వెళ్లిన రూబెన్‌ని నేలకేసి అదిమారు. అతని పన్ను ఒకటి ఊడింది. అతన్నీ పట్టుకుపోయారు.

పది గంటలకి కౌంటీ జైలులో వర్నెల్లా వేలిముద్రలు తీసుకున్నారు.

పదకొండింటికి మా ఇరవై ఇద్దరి షిఫ్టులూ ఖాళీ అని యాప్‌లో పెట్టారు. అప్పటికి జైలు గేటు బయట మేం ఇరవై మందిమి. పన్నెండున్నరకి ఇంకొకడు వచ్చి చేరాడు. డస్టీ. యూనిఫారం చొక్కా చేతిలో ఉంది.

ఇంకా కొందరు పని వదిలేశారు, మూడింటికి ఖాళీ షిఫ్టులు నలభై ఒకటి. ఒక్కటీ ఎవరూ తీసుకోలేదు.