సుబ్బరాజుగారి బీడు

ఆ వానాకాలం సుబ్బరాజుగారి బీడంతా పచ్చగా కళకళలాడుతుంటే, దక్షిణపు కొసన ఒక్కచోట మాత్రం గడ్డి మాడిపోయింది. ముందుగా గమనించింది పద్మశ్రీ. అప్పటికది చాపంత కూడా లేదు.

రెండువేల ఎనిమిదిలో రాజోలు దగ్గర ఒక డిగ్రీ కాలేజీకి ఫ్రిజ్‌బీ జట్టు ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. వ్యాయామం మాస్టారు రామ్మూర్తిగారు మద్రాసులో ఏదో శిబిరానికి వెళ్ళి, వస్తూ వస్తూ సంచీలో ప్లాస్టిక్ పళ్ళేలు తెచ్చారు. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడాలి. పళ్ళెం పట్టుకున్నవాళ్ళు పరుగెత్తకూడదు, విసరాలి. అవతలి కొసన మనవాళ్ళు అందుకుంటే పాయింటు. అంపైరు ఉండడు. తప్పు జరిగినా, ప్రమాదమనిపించినా ఎవరైనా చెయ్యెత్తి ‘ఆపు’ అనొచ్చు. అన్నాక ఆట ఆగాల్సిందే, రెండు పక్షాలూ మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే.

‘‘అంపైరు లేని ఆటేంటండి మాస్టారూ, కొట్టుకు చస్తారు,’’ అన్నారు ప్రిన్సిపాలుగారు.

కొట్టుకోలేదు సరికదా, ఆ ఏడు గెలవడం మొదలెట్టారు. అందుకు సగం కారణం కెప్టెన్ గోపీకృష్ణ. ఫైనలియరు కుర్రాడు, పళ్ళెం గాల్లో ఉండగానే అది ఎక్కడ దిగుతుందో తెలిసినట్టు పరుగెత్తేవాడు. తక్కిన సగం పద్మశ్రీ విసురు. ఆమె వెనక కొసన నిలబడి, అతను ఇంకా చేరని చోటికి విసిరేది. వాళ్ళిద్దరూ ఆట బయట పట్టుమని పది మాటలు మాట్లాడుకుని ఉండరు.

కోనసీమలో కొబ్బరితోటా వరిచేనూ కాని ఖాళీ జాగా దొరకడం గగనం. ఆ బీడు దొరికిందంటే దాని కింద గ్యాసు పైపు పోతోంది గనక. పైన చెట్టు నాటనివ్వరు. ‘‘నాకెలాగూ పనికిరాదు, పిల్లలాడుకోండమ్మా,’’ అన్నారు సుబ్బరాజుగారు.

విశాఖలో ఓడారు, రాజమండ్రిలో గెలిచారు. గెలిచి వచ్చేసరికి మాడిన మచ్చ కళ్ళమంత అయింది. గాలి ఆడని పొద్దుల్లో అక్కడ కిరసనాయిలు లాంటి వాసన. ఆశ్వయుజంలో పెద్ద వాన కురిసి నీళ్ళు నిలిస్తే, ఆ మడుగు అన్నం ఉడికినట్టు బుడబుడలాడింది.

‘‘కప్పలు,’’ అని నవ్వాడు గోపీకృష్ణ.

పద్మశ్రీకి నవ్వు రాలేదు. పాశర్లపూడిలో గ్యాసు బావి అంటుకున్నప్పుడు ఆమె చిన్నపిల్ల. ఆకాశం ఎర్రగా కాలడం, ఆ హోరు వినపడకుండా నాన్న మాణిక్యాలరావు తన రెండు చెవులూ మూసిపట్టుకుని ఆత్రేయపురంలో మేనత్త ఇంటికి తీసుకుపోవడం, అంతవరకే గుర్తు. ఆ ఏడాది తరవాత చాలాకాలం అమ్మ పొయ్యి వెలిగిస్తుంటే ఆమె వీధిలోకి పారిపోయేది.

ఆమె పోరగా పోరగా రామ్మూర్తిగారు గ్యాసు కంపెనీకి కబురు చేశారు. జీపులో ఇద్దరు వచ్చి, మచ్చ చుట్టూ తిరిగి, బూట్లతో మట్టి తన్ని చూశారు. ‘‘పైపు శుభ్రంగా ఉందండి. చిత్తడి నేల కదా, బుడగలొస్తాయి,’’ అని చెప్పి వెళ్ళిపోయారు.

‘‘విన్నావుగా? ఇంక ఊరుకో,’’ అన్నాడు గోపీకృష్ణ. డిసెంబరులో పోటీలు వీళ్ళ బీడులోనే. జాతీయ జట్టు శిబిరానికి మనుషుల్ని ఎంచడానికి బెంగళూరు నుంచి వస్తున్నారు. ‘‘ఈ గ్రౌండు పోతే మనకింకోటి లేదు. నాకింకో ఏడాది లేదు.’’

పోటీ రోజున ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. టీకొట్టు వీరన్న స్టవ్వు తెచ్చి బీడు అంచునే పెట్టాడు. ఫైనల్లో ఎదురుపడింది విశాఖ జట్టే. స్కోరు సమానమై, గెలుపు ఒక్క పాయింటు దూరంలో ఉండగా పళ్ళెం పద్మశ్రీ చేతికొచ్చింది. ఆమె నిలబడింది మచ్చ మీద. అవతల గోపీకృష్ణ ఖాళీలోకి పరుగందుకున్నాడు. చెయ్యి వెనక్కి లాగిన ఆ క్షణంలో ఆమెకి కాళ్ళ కింద బుస వినిపించింది. పాము అనుకుని చూసింది. పామేం లేదు. నేల బీటలో ఎండుగడ్డి పరకలు, గాలి లేకుండానే, వణుకుతున్నాయి.

‘‘ఆపు!’’ అని చెయ్యెత్తింది.

గోపీకృష్ణ రొప్పుతూ వచ్చాడు. ‘‘మతిపోయిందా? ఒక్కటి విసిరితే అయిపోయేది కదా!’’

‘‘నేలలోంచి వస్తోంది. చెవి పెట్టి విను.’’

అతను వినలేదు. విన్నది విశాఖ కెప్టెన్ రేవతి. మోకాళ్ళ మీద కూర్చుని, బీట దగ్గర తల వంచి, మొహం తెల్లబోయి లేచింది. ‘‘అందర్నీ పంపించేయండి. ముందా స్టవ్వు.’’

‘‘పాలు పొంగుతున్నాయండి, ఒక్క నిమిషం...’’ అంటున్న వీరన్న చేతిలోంచి గిన్నె లాక్కుని రామ్మూర్తిగారు తనే స్టవ్వు ఆర్పారు. అరగంటలో బీడు ఖాళీ అయింది.

ఏమీ జరగలేదు.

సాయంత్రం దాకా చూసి జనం నవ్వుకుంటూ పోయారు. బెంగళూరు వాళ్ళు రైలు టైమైందని లేచారు. కప్పు ఎవరికీ ఇవ్వలేదు. కంపెనీకి మళ్ళీ కబురు పెడితే, మనుషుల్ని పంపుతామన్నారు గాని పంపలేదు. మర్నాడు కాలేజీలో పద్మశ్రీని చూసి ఎవరో బుస కొడితే క్లాసంతా ఘొల్లుమంది. గోపీకృష్ణ నవ్వలేదు, ఆమె వైపు చూడనూ లేదు.

గీతల మీద పాతిన జెండాలు ఆ హడావిడిలో బీడులోనే ఉండిపోయాయి. తెచ్చేస్తానని ఆదివారం పొద్దున్న గోపీకృష్ణ మోటారుసైకిలేసుకుని వెళ్ళాడు. మంచు కురుస్తోంది, గాలి లేదు. ‘‘వద్దురా, ఆ పిల్ల ఏదో అందిగా,’’ అన్నదట తల్లి సత్యవేణి. ‘‘అందుకే వెళ్తున్నానమ్మా, ఏమీ లేదని చూపిద్దామని,’’ అన్నాడట.

జెండాలన్నీ తీశాడు. వాటిని వెనక కట్టుకుని, బండి కిక్కు కొట్టాడు.

ఆ చప్పుడుకి పద్మశ్రీ మంచం మీంచి లేచి కూర్చుంది. కిటికీ రెక్కలు అదిరాయి. నాన్న పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఇప్పుడింత పెద్దదైన కూతురి చెవుల మీద చేతులు వెయ్యబోయి ఆగిపోయాడు. తూర్పున కొబ్బరి మట్టల మీదుగా మంట లేచి నిలబడింది. అప్పుడొచ్చారు కంపెనీ మనుషులు, ఒక జీపు కాదు, ఎన్నో జీపులు.

గోపీకృష్ణ బతికాడు. కాకినాడ ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాడు. మొహానికి ఏం కాలేదు గాని చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి. వేళ్ళు ముడుచుకుపోయి ఇంక తెరుచుకోలేదు.

పద్మశ్రీ చూడ్డానికి వెళ్ళినప్పుడు అతను మందుల మత్తులో ఉన్నాడు. వరండాలో బెంచీ మీద సత్యవేణిగారు కూర్చుని ఉన్నారు. ఏమంటారోనని పద్మశ్రీ దూరంగా నిలబడిపోయింది. ఆవిడ తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నారు.

‘‘నువ్వు ముందే చెప్పేవంట కదమ్మా?’’

‘‘ఆయ్. చెప్పేనండి.’’

‘‘అందరూ నవ్వేరంట.’’

పద్మశ్రీ తలూపింది.

ఆవిడ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ‘‘మా ఇంటికొచ్చి నీ నోటితో నాతో ఓ మాట చెప్పాల్సిందమ్మా,’’ అన్నారు. ‘‘నేను నవ్వేదాన్ని కాదు. గుమ్మానికి అడ్డంగా పడుకునేదాన్ని.’’

లోపల గోపీకృష్ణ మత్తులో మూలిగాడు. ఆవిడ లేచి వెళ్ళారు. పద్మశ్రీ ఆ బెంచీ మీదే ఉండిపోయింది. లోపలికి వెళ్ళాలో, బస్టాండుకి నడవాలో ఆమెకి తెలియలేదు.