వద్దన్న ఒకే ఒక్కరు

"బొమ్మలు చూపించేదానికి శనివారం పాడుచేసుకోవల్లనా? జీతమేమన్నా ఎక్కువిస్తారా వాళ్ళు?" అన్నాడు భర్త స్టీఫెన్, తిన్న పళ్ళెం బల్లమీదే వదిలేసి లేస్తూ. లీలావతి ఆ పళ్ళెం కడిగి, మధ్యాహ్నానికి అన్నం, పప్పు మూతపెట్టి, కె.ఆర్.పురం బడిపిల్లల్ని ఎగ్జిబిషన్‌కి తీసుకొచ్చింది. డ్రాయింగ్ టీచరంటే అంతే మరి. యాన్యువల్ డే బోర్డులు, హెడ్మిస్ట్రెస్ కూతురి పెళ్ళిపందిరి ముగ్గులు, అన్నీ ఊరికే వేసిపెట్టే మనిషి.

జాతీయ చిత్రకళా పోటీకి యాభై ఏళ్ళు నిండాయట. హాలు గోడల పొడుగునా దాని చరిత్రే. మొదటి ఏడాది షామియానా కింద ముప్ఫై బొమ్మలు పెట్టారనీ, తొమ్మిదేళ్ళ దాకా ఒక్క ఆడమనిషికీ బహుమతి రాలేదనీ గైడు ఆశ చెబుతోంది. పిల్లలు గోల చేస్తున్నారు. వాళ్ళని గదమాయించబోయి లీలావతి అక్కడే ఆగిపోయింది.

ఎదురు గోడమీది బొమ్మలో, చర్చి వెనక, క్రిస్మస్ విందు గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళు. తను వేసిన బొమ్మే! ఇరవై రెండేళ్ళ కిందట ఈ పోటీకి పోస్టు చేసొస్తానని స్టీఫెన్ పట్టుకెళ్ళాడు. "జవాబు రాలేదంటే సెలెక్ట్ కాలేదని అర్థం. వదిలేయ్," అన్నాడు. వదిలేసింది. మళ్ళీ తనకోసం కుంచె పట్టలేదు.

"ఈమెకి ఫస్ట్ ప్రైజు, ఢిల్లీలో రెండేళ్ళ చదువు ఇచ్చినారు. వద్దని రాసినారు! యాభై ఏళ్ళల్లో వద్దన్నది ఈమె ఒక్కరే. ఎంత గట్టి మనిషో!" అంది ఆశ.

అద్దాల పెట్టెలో ఆ ఉత్తరం ఉంది. కింద లీలావతి అని సంతకం. ఆ చేతిరాత మాత్రం రోజూ సరుకుల చీటీ మీద చూసే స్టీఫెన్‌దే. దొంగతనమైతే తిట్టొచ్చు, కొట్టొచ్చు. తన నోటితోనే తనని వద్దనిపించిన మనిషిని ఏమనాలి? స్టీఫెన్‌కి ఫోన్ చేసి ఆ ఉత్తరం సంగతి అడిగింది.

"మన జాయ్ నీ కడుపులో ఉండింది అప్పుడు. చెప్పింటే నువ్వు పోయేదానివి కదా," అన్నాడు స్టీఫెన్. "పోతే తిరిగొచ్చేదానివా? ఎవరితోనూ అనొద్దు. పరువు పోతాది."

లీలావతి ఫోన్ పెట్టేసింది. పిల్లలంతా చూస్తుండగా ఆశ దగ్గరికి వెళ్ళింది.

"ఆ లీలావతిని నేనే. బహుమతి వద్దన్నది మాత్రం నేను కాదు, మా ఆయన. ఆ ఉత్తరం కింద ఆయన పేరు వేయండి. స్టీఫెన్."