వెలగకూడని నీళ్లు

ఏడో నెల కడుపుతో వర్ని నుంచి బాన్సువాడలోని పుట్టింటికి వచ్చిన మా చెల్లెలు శ్రీలతకు పులుపు వద్దు, తీపి వద్దు. అమ్మ బావి నీళ్లే కావాలి. మా అమ్మ గంగుబాయి పోయి అప్పటికి ఏడాది నిండలేదు. అమ్మ లేకపోయినా పెరట్లో ఆమె బావి ఉంది కదా అని దాని పంతం. గోడ అవతల షెడ్డులో సీసం కోసం పాత బ్యాటరీలు పగలగొడుతున్నారు, పరీక్ష చేసేదాకా చుక్క ముట్టవద్దని నా పంతం. మొండితనంలో ఇద్దరం అమ్మ కూతుళ్లమే.

హైదరాబాదులో నా పరిశోధన దీనిమీదే. నీళ్లలో సీసం ఉంటే మా సూక్ష్మజీవులు వెలుగుతాయి, లేకుంటే ఊరుకుంటాయి. 2006 ఎండాకాలంలో వాటిని ఐసు డబ్బాలో పెట్టుకొని ఇంటికి తెచ్చాను. రెండు గాజు గొట్టాల్లో వాటిని వేసి, ఒకదాంట్లో కొన్న నీళ్లు, రెండోదాంట్లో బావి నీళ్లు పోశాను. ఏళ్ల తరబడి ల్యాబులో వెలుగు కోసం కళ్లు కాయలు కాచేలా చూసినదాన్ని, ఆ మధ్యాహ్నం వెలగకూడదని మొక్కుకున్నాను. నాకు మాత్రం ఆ నీళ్ల మీద బెంగ లేదా?

సాయంత్రం తలల మీదుగా గొంగడి కప్పుకొని, ఆ చీకట్లో ఇద్దరం గొట్టాలు చూశాం.

"అక్కా, అమ్మ నీళ్లు ఎట్ల వెలుగుతున్నయో సూడు!" శ్రీలత నా భుజం పట్టి ఊపేసింది. "ఇగ ఫికర్ లేదు, తాగుత."

కొన్న నీళ్ల గొట్టం ఎత్తి చూపించాను. అందులో వెలుగు లేదు.

"వెలగొద్దే పిల్లా," అన్నాను. "వెలిగినయంటే సీసమున్నట్టు. కడుపుల బిడ్డకు మంచిది గాదు."

గొంగడి తోసేసి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను డబ్బా సర్దుతున్నట్టు నటించాను.

"ఒక్క బుక్క, అక్కా. నోట్ల పట్టుకుంట. మింగ, ఉమ్మేస్త. ఒట్టు."

తిట్టబోయి, లేచి వెళ్లి చెంబుతో తెచ్చాను.

నోరు నింపుకొని కళ్లు మూసుకుంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, కళ్లనీళ్లు కారుతున్నాయి. మింగదు, ఉమ్మదు. భయమేసి దాని గడ్డం కింద దోసిలి పట్టాను.

"ఉమ్మవే తల్లీ, ఉమ్ము," అని బతిమాలాను.

ఎప్పటికో నా దోసిట్లో వదిలింది.

"గట్లనే ఉన్నయక్కా," అంది వెక్కుతూ. "అమ్మ ఉన్నప్పటి లెక్కనే."

చాలాసేపటిదాకా నాకు ఆ దోసిలి వంచబుద్ధి కాలేదు.